చిటికెడు ఉప్పు

గ్లాసులో నీళ్లు గోధుమరంగులోకి తిరిగేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్లూ ఇవేనా బాబూ మేం తాగింది?" అంది.

ఈ రోజు అమలాపురంలో మా ఇంటికి ఒకబ్బాయి ఆర్‌ఓ ఫిల్టర్ అమ్మడానికి వచ్చాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఫిల్టర్ నీళ్లు. రెండింట్లోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. మావి తెట్టు కట్టాయి. అతనివి తేటగా ఉన్నాయి. "చూశారా అండి" అన్నాడు.

వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో కలిపి, మళ్లీ స్విచ్ వేయమన్నాను. కాసేపటికి అవీ అదే రంగు.

ఆ రంగు మురికిది కాదు. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, అందుకే తేటగా ఉంటాయి. అంతే.

అతని మీటర్‌లోనే మా నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, లీటరుకి 210 మిల్లీగ్రాములు చూపించింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 వరకు పర్వాలేదు. పైగా ఆ మీటర్‌కి క్రిములు కనపడవు. కాలవ నీళ్లు తాగే మనకి అసలు భయం వాటితోనే, వాటికి మరిగించడం ఉంది. సముద్రం పక్కన ఉప్పు బోర్లున్న ఊళ్లకి ఆర్‌ఓ అవసరమే, కాదనను.

కానీ పెద్దవాళ్లని ఇలా భయపెట్టి అమ్మడం చూస్తే ఒళ్లు మండింది. అడ్వాన్సుకని పోపుల డబ్బాలోంచి తీసిన రెండు వేలు అతను వెళ్లాక కూడా అమ్మ చేతిలోనే నలుగుతున్నాయి.