నెదర్లాండ్స్ చెట్ల పనిలో: ప్లాంటెయ్న్ ఎల్మ్ ఎదురైతే

ఇక్కడ ఎల్మ్ చెట్టుని ఈప్ అంటారు. మన నెమలినారకు చుట్టమే, కాయకు చుట్టూ ఉన్న పల్చటి రెక్క చూస్తే పోలిక తెలుస్తుంది. ప్లాంటెయ్న్ అందులో ఒక సంకర రకం. యూరప్ ఎల్మ్‌లలో హిమాలయాల ఎల్మ్‌ని కలిపి వాఖెనింగెన్ అనే డచ్ ఊళ్లో తయారుచేశారు, డచ్ ఎల్మ్ తెగులుని (ఎల్మ్‌లని చంపే శిలీంధ్ర రోగం) తట్టుకుంటుందని. లోబెల్, డోడోన్స్ అనే మరో రెండు రకాలతో పాటు 1973లో విడుదలైంది. 1989లో వచ్చిన కొలుమెల్లా దీని సంతతే. కొలుమెల్లా తెగులుని బాగా తట్టుకుంటుంది కాబట్టి నర్సరీలు అటే మొగ్గాయి. ప్లాంటెయ్న్ అరుదైపోయింది.

దీన్ని పెంచాలంటే గింజ పనికిరాదు. మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్ కాలువగట్ల మీద ఎల్మ్ గింజలు అటుకుల్లా కుప్పలు పడతాయి, కానీ వాటిలో తల్లి లక్షణాలు నిలవవు. చెట్టు అంటుకట్టినదైతే మొదలు దగ్గర లేచే పిలకలు వేరుమూలానివి, అంటే అంటు కింద వాడిన వేరే చెట్టువి. వాటిని నాటితే వచ్చేది వేరే ఎల్మ్, తెగులు సోకితే దక్కదు. రెమ్మ పైనుంచే తీసుకోవాలి.

జూన్‌లో ఆ ఏడు వేసిన లేత రెమ్మ 10-15 సెం.మీ. కోసి, కింది ఆకులు తీసేసి, పైన మిగిలిన రెండింటినీ సగానికి కత్తిరించాలి. వేరు హార్మోన్ పొడి అద్ది, ఇసుక కలిపిన పీట్‌లో (కుళ్లిన నాచు మట్టి) గుచ్చి మిస్ట్ కింద, అంటే సన్నటి నీటి తుంపర కింద పెట్టాలి. ఆలస్యమైతే రెమ్మ ముదిరి వేరు పట్టదు. కుండీలో నీరు నిలిస్తే కుళ్లుతుంది. కోసిన వెంటనే తడిగుడ్డలో చుట్టకుండా వ్యాన్‌లో పడేస్తే మధ్యాహ్నానికే వాడిపోతుంది, ఎక్కువ నష్టం ఇక్కడే.

కొత్తగా జట్టులో చేరినవాళ్లని చాలాచోట్ల వీసీఏ భద్రతా పరీక్ష అడుగుతారు, ఇంగ్లిష్‌లోనూ రాయొచ్చు. డచ్ రాకపోయినా ఈప్‌జీక్‌టె అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, తెగులు పేరు అదే. ఎండాకాలంలో చెట్టంతా పచ్చగా ఉండి ఒక్క కొమ్మ ఆకులే పసుపెక్కి ముడుచుకుంటే అనుమానించాలి. వేలి లావు రెమ్మని అడ్డంగా కోసి చూడండి: బెరడు కిందే గోధుమరంగు చుక్కలు వలయంగా కనిపిస్తాయి, బెరడు ఒలిస్తే అవే చారలు. ఎండు పుల్లల మీద నారింజ రంగు బొడిపెలుంటే అది వేరే శిలీంధ్రం, కంగారు పడక్కర్లేదు.

తెగులు తేలితే మేస్త్రీకి చెప్పి, రంపాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాకే పక్క చెట్టు ముట్టాలి. కలపని బెరడుతో పేర్చి ఉంచకూడదు, శిలీంధ్రాన్ని మోసే పెంకు పురుగులు అందులోనే గుడ్లు పెడతాయి. పొయ్యిలోకి బాగుంటుందని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు, ఆ పని చేయొద్దు. విలువైన చెట్లకి ఏటా వసంతంలో టీకా ఇంజెక్షన్ వేస్తారు. అది పురుగు తెచ్చే తెగులుకే అడ్డు. ఇప్పటికే సోకినదాన్ని నయం చేయదు, పక్క చెట్టు వేళ్లతో కలిసిన వేళ్ల గుండా వచ్చేదాన్నీ ఆపదు. అందుకే సోకిన చెట్టుకీ దాని పొరుగు ఎల్మ్‌కీ మధ్య కందకం తవ్వి వేళ్లు తెంపుతారు, చెట్టు నరకడానికి ముందే.