తిరగలికీ పంపుకీ మధ్య అర మిల్లీమీటరు

మంగళవారం, రాత్రి పదకొండు

నేను తయారుచేస్తున్న రక్తం పంపు కోసం పొద్దున్నే హైదరాబాద్ బాలానగర్ వెళ్ళి డిస్కులు తెచ్చుకున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు, 30 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు మందం. వైర్‌కట్ (కరెంటు తీగతో లోహం కోసే) షాపు అన్న రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా బిగించి, ఒకేసారి కోశాడు. విడివిడిగా కోస్తే పల్చటి రేకు వంగుతుంది. చేతికిస్తూ "దీనికి రెక్కలేవి తమ్మీ?" అని అడిగాడు. రెక్కలుండవన్నా, ఉత్త బిళ్ళలే నీళ్ళు తోస్తాయి అన్నాను. నమ్మినట్టు లేడు. అయినా ఒక్కో అంచు మీద గోటితో నిమిరి చూసి, బర్ (కోసిన చోట మిగిలే గరుకు) తగిలిన రెండింటిని మళ్ళీ రుద్ది ఇచ్చాడు. అంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళంటే నాకు గౌరవం.

దారంతా నికోలా టెస్లా గురించే ఆలోచన. 1913 మే 6న ఆయనకి ఈ రకం పంపు మీద పేటెంటు వచ్చింది. నున్నటి బిళ్ళలు కొన్ని దగ్గర దగ్గరగా ఒకే ఇరుసుకి బిగించి తిప్పుతారు. మధ్యలో ఉన్న రంధ్రాల గుండా లోపలికొచ్చిన ద్రవం బిళ్ళకి అంటుకుంటుంది. అంటుకున్న పొర పక్క పొరని లాగుతుంది, అది ఇంకోదాన్ని. అలా సుళ్ళు తిరుగుతూ అంచుకి చేరి బయటికి పోతుంది. మామూలు పంపుకి జిగట ఓ అడ్డంకి. ఇక్కడ మాత్రం ఆ జిగటే పని చేస్తుంది. నీళ్ళకంటే మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉండే రక్తానికి ఈ పద్ధతి సరిపోతుందని నాకు అనిపించింది అందుకే. రెక్క అయితే కవ్వంలా చిలుకుతుంది. రక్తాన్ని చిలకకూడదు.

మధ్యాహ్నమంతా వాషర్లతో గడిచింది. బిళ్ళల మధ్య సందు ఎంత ఉండాలన్నదే ఈ పంపుకి ప్రాణం. సందు ఎక్కువైతే నడిమి ద్రవం వెనకబడి ఊరికే ఉంటుంది, తక్కువైతే రాపిడికే శక్తంతా పోతుంది. నిమిషానికి 4,000 చుట్లకి, రక్తమంత చిక్కదనానికి, లెక్క 0.28 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. చిక్కదనం నాలుగింతలైతే సందు రెండింతలు కావాలి. 0.3 షిమ్ వాషర్లు (సందు నిలిపే పల్చటి రింగులు) ఇరవై తెచ్చి మైక్రోమీటరుతో కొలిస్తే 0.27 నించి 0.32 దాకా ఉన్నాయి. అయిదు బిళ్ళలు, నాలుగు సందులు, సందుకి మూడు వాషర్లు. ఒక్క సందులో ఒక్కటి తేడా వచ్చినా బిళ్ళ ఒరిగి వణుకుతుంది. ఏరి ఏరి పన్నెండు జతపరిచేసరికి మెడ పట్టేసింది.

మధ్యలో ఫోను. నిన్న నాయనమ్మకి రక్తం తీసుకెళ్ళిన ల్యాబ్ వాళ్ళు. శాంపిల్ హీమోలైజ్ అయిందట, మళ్ళీ తీయాలట. అంటే ఎర్ర కణాలు చిట్లి లోపలిదంతా సీరంలో కలిసిపోయింది. కణాల్లోని పొటాషియం కూడా బయటికొస్తుంది కాబట్టి ఆ రిపోర్టు నమ్మలేం. ఎనభై ఏళ్ళ చేతికి మళ్ళీ సూది. నిన్న సన్నటి నరం దొరక్క వాళ్ళు సిరంజి గట్టిగా లాగడం నేను చూశాను. కోపం వచ్చింది. ఫోను పెట్టాక మాత్రం చాలాసేపు నా పంపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి గట్టిగా లాగితేనే కణం చిట్లుతుంటే, ఇందులో అదే కణం గంటల తరబడి వేలసార్లు తిరగాలి.

సాయంత్రం పరీక్ష. 400 గ్రాముల గ్లిజరిన్, 600 గ్రాముల నీళ్ళు. గది వేడిమిలో ఈ పాళ్ళు ఇంచుమించు రక్తమంత చిక్కగా ఉంటాయి. గోడకి గొట్టం నిలువుగా కట్టి, 1.24 మీటర్ల దగ్గర గీత పెట్టాను. ఈ మిశ్రమం అంత ఎత్తు ఎక్కితే 100 మిల్లీమీటర్ల పాదరసం పీడనం అన్నట్టు, మన బీపీ లెక్కలో. మొదటిసారి ఎక్కలేదు. నడిమి రంధ్రంలో గాలి బుడగ ఇరుక్కుంది. పారదర్శకమైన మూత పెట్టడం మంచిదైంది, కనిపించింది. వంచి, తట్టి, బుడగ పోగొట్టి మళ్ళీ ఆన్ చేశాను. గీత దాటింది! ఆ ఎత్తు నించే అర లీటరు జగ్గు 38 సెకన్లలో నిండింది. రెక్క అన్నది లేకుండా. ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టాను.

శబ్దానికి నాయనమ్మ వచ్చి చూసింది. తిరిగే బిళ్ళల్ని కాసేపు చూసి, "నడుమ పోస్తే అంచుకొస్తోంది, తిరగలిలాగ ఉందిరా" అంది.

నిజమే, దారి అదే. చిన్నప్పుడు ఆవిడతోపాటు పిడి పట్టుకుని నేనూ తిప్పేవాణ్ణి. కానీ తిరగల్లో కిందిరాయి కదలదు, అందుకే నలుగుతుంది. నా బిళ్ళలన్నీ కలిసి తిరుగుతాయి, మధ్యలో ఉన్నదాన్ని నలపవు. ఈ మాట ఆవిడకి చెబుతూ చెబుతూ ఆగిపోయాను. చివరి బిళ్ళ పక్కనున్నది కేసింగ్ (పంపు బయటి డొల్ల) గోడ. అది కదలదు. అక్కడ నేనిచ్చిన ఎడం 0.2 మిల్లీమీటర్లు. అది అచ్చం తిరగలే.

వెంటనే లెక్క వేశాను. అంచు వేగం సెకనుకి 6.28 మీటర్లు, దాన్ని 0.2 ఎడంతో భాగించి చిక్కదనంతో గుణిస్తే 110 పాస్కల్‌ల కోత. కోత అంటే పక్కపక్క పొరలు వేరువేరు వేగాలతో జారుతూ కణాన్ని లాగే ఒత్తిడి. కణాలు చిట్లడానికి తరచూ చెప్పే హద్దు 150. హద్దు లోపలే ఉన్నాం అనుకోలేం, ఎంతసేపు ఆ కోతలో ఉన్నాయన్నదాన్ని బట్టి అది తగ్గుతుంది. ఎడం 0.7 చేస్తే కోత 31కి దిగుతుంది. కాకపోతే ఆ సందులోంచి కొంత వెనక్కి కారి ఎత్తు తగ్గొచ్చు. మరీ వెడల్పు చేస్తే ఓ మూల రక్తం నిలవుంటుంది, నిలిస్తే గడ్డకడుతుంది. ఇన్నాళ్ళూ బిళ్ళల మధ్య సందు మీదే ధ్యాసంతా పెట్టి, అసలు నలిగే చోటు వదిలేశాను.

1970ల్లో అమెరికాలో వచ్చిన బయో-పంప్‌లోనూ రెక్కలు లేవు. ఒకదానిలో ఒకటి అమర్చిన నున్నటి శంకువులుంటాయి. గుండె ఆపరేషన్లలో ఏళ్ళ తరబడి వాడారు. వాళ్ళూ ఈ ఎడం దగ్గర ఇలాగే తల పట్టుకుని ఉంటారు. గ్లిజరిన్‌లో కణాలుండవు కాబట్టి అది నాకు పీడనం చూపిస్తుంది, ప్రవాహం చూపిస్తుంది, దెబ్బ మాత్రం చూపించదు. అందుకని ఏ ల్యాబ్‌లోనైనా గడ్డకట్టకుండా మందు కలిపిన పశువు రక్తంతో పరీక్షించేలోపు కోతని లెక్కలోనైనా తగ్గించుకోవాలి.

కొత్త కేసింగ్ త్రీడీ ప్రింటరు మీద పెట్టాను, ఎడం 0.7. ఇంకా రెండు గంటలు పడుతుందట. ల్యాబ్ మనిషి పొద్దున ఏడింటికి వస్తాడు. ఈసారి పక్కన నిలబడి, నెమ్మదిగా తీయమని చెప్పాలి.