డయాలసిస్ పిల్లలకు పత్యం కన్నా ముందు తిండి

పిల్లకు డయాలసిస్ మొదలవగానే ఇంట్లో పప్పు, పాలు, నెయ్యి అన్నీ బంద్ చేసేస్తారు. పెద్దవాళ్ల కిడ్నీ పత్యం పసివాళ్లకు పెడితే ఎదుగుదల ఆగిపోతుంది. మొదటి రెండేళ్లలో పోయిన ఎత్తు మళ్లీ రావడం చాలా కష్టం.

ఈ పిల్లలకూ తోటి పిల్లలకు కావలసినన్ని కేలరీలు కావాలి. ప్రొటీన్ ఇంకాస్త ఎక్కువే కావాలి. పొట్ట డయాలసిస్‌లో (పొట్టలోకి ద్రవం నింపి, వ్యర్థాలతో సహా బయటికి తీసేది) బయటికొచ్చే నీళ్లతో రోజుకు కిలో బరువుకు 0.15 నుంచి 0.3 గ్రాముల దాకా పోతుంది, రక్తం డయాలసిస్‌లో (మెషీన్‌తో రక్తం శుభ్రం చేసేది) సుమారు 0.1 గ్రాము. అంటే పొట్ట డయాలసిస్ మీదున్న పది కిలోల పాపకు రోజుకు 1.5 నుంచి 3 గ్రాములు అదనం. ఒక గుడ్డు తెల్లసొనతో ఆ లోటు తీరుతుంది, దాంట్లో ఫాస్ఫరస్ కూడా చాలా తక్కువ. కానీ కేలరీలు చాలకపోతే ఆ ప్రొటీన్ కండ పట్టకుండా శక్తి కింద ఖర్చయిపోతుంది, రక్తంలో యూరియా అనే వ్యర్థం పెరుగుతుంది. అందుకే మెత్తటి అన్నంలో నెయ్యి వెయ్యమనేది. టీస్పూనుకు దాదాపు 45 కేలరీలు, పైగా ఒంట్లో నీరు పెరగదు.

పొటాషియం రిపోర్టు చూడకుండా కూరగాయలు మాన్పించకండి. పొట్ట డయాలసిస్‌లో అది తక్కువగా ఉండే పిల్లలూ ఉన్నారు. ఎక్కువుంటే బంగాళాదుంపను చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. వాటితో చారు పెడితే చేసిందంతా వృథా. కొబ్బరి నీళ్లు వద్దు. 'లో సోడియం' ఉప్పు అసలే వద్దు, అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే.

రక్తంలో ఫాస్ఫరస్ పెరగకుండా ఇచ్చే కాల్షియం కార్బొనేట్ మాత్ర అన్నం మధ్యలో వెయ్యాలి. పరగడుపున వేస్తే తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టదు, కాల్షియం మాత్రం రక్తంలోకి పోతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది బరువు. నెల నెలా కాటా మీద అదే అంకె కనబడుతుంటే కుదురుగా ఉన్నట్టు కాదు. కండ తగ్గి, ఆ చోట నీరు చేరినా అంకె మారదు. కళ్ల కింద ఉబ్బు, పెరిగిన బీపీ, సన్నబడిన జబ్బలు చూడండి. దీనికి ఎదురు కూడా జరుగుతుంది: పిల్ల నిజంగానే ఒళ్లు చేస్తే, పాత డ్రై వెయిట్‌కే (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) నీరు లాగుతుంటారు, డయాలసిస్‌లో కాళ్లు పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకే ఎదిగే పిల్లల డ్రై వెయిట్‌ను తరచూ మార్చాలి. రెండేళ్ల లోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలవాలి.

ఆకలి లేక, వాంతులతో తిననప్పుడు బలవంతంగా నోట్లో కుక్కొద్దు. ముక్కు గొట్టం అనగానే అమ్మానాన్నలు బెదిరిపోతారు, కానీ రాత్రంతా నెమ్మదిగా పాలు పోతే కడుపులో నిలుస్తాయి. డాక్టరు గొట్టం మాట ఎత్తితే బరువు ఇంకా జారేదాకా ఆగకండి.