ట్రంకు పెట్టెలోని కాగితం

నాకు మూడేళ్ళు నిండిన ఏడు, 1988లో, పండగ తలంటుకు నన్ను పీట మీద నిలబెట్టి సున్నిపిండి రుద్దుతున్న నాయనమ్మ చెయ్యి ఎడమ డొక్క దగ్గర ఆగిపోయిందట. పక్కటెముకల కింద ఏదో గట్టిగా, నున్నగా, జామకాయంత తగిలింది. మళ్ళీ నొక్కి చూసింది. నొప్పి లేదు. చక్కిలిగింతలు పెడుతోందనుకుని నేను నవ్వానట. ఆమె మాత్రం నవ్వలేదు. నీళ్ళు పోయడం ఆపేసి, "ఒరే, ఈ పిల్ల కడుపులో ఏదో ఉందిరా" అని మా నాన్నను కేకేసింది.

మాది కనిగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. దగ్గరలో ఉన్న డాక్టరు నులిపురుగులన్నారు, మందు ఇచ్చారు. నెల గడిచింది. నేను తింటున్నాను, ఆడుకుంటున్నాను, జ్వరం లేదు. జబ్బు పిల్ల ఇలా గెంతుతుందా అని చూసిన వాళ్ళందరూ అన్నారు. ఈ జబ్బు చేసే మోసమే అది. ఆ నెలలో జామకాయ బత్తాయి అయింది. నాయనమ్మ పోరు పడలేక నాన్న నన్ను ఒంగోలు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి ఇలా వేసి అలా తీసేశారట. "ఇక దీన్ని ఎవరూ నొక్కకండి. లోపల పగిలితే కడుపంతా పాకుతుంది. ఇంటికి పోవద్దు, ఇటునుంచి ఇటే మద్రాసు వెళ్ళండి" అన్నారు. కట్టుబట్టలతో రైలెక్కారు.

ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో నా జబ్బు పేరు చెప్పారు: విల్మ్స్ ట్యూమర్. చిన్నపిల్లల మూత్రపిండంలో వచ్చే క్యాన్సర్. 1899లో దాని గురించి వివరంగా రాసిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరే దానికి నిలిచిపోయింది. సుమారు పదివేల మంది పిల్లల్లో ఒకరికి, అదీ ఎక్కువగా అయిదేళ్ళలోపు వస్తుంది. నా ఎడమ మూత్రపిండం గడ్డతో సహా తీసేశారు. ఆ పక్కన రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత ఏడాదికి పైగా సూదిమందులు. సింగరాయకొండలో రైలెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నాకు గుర్తున్నది రైలు కిటికీ చువ్వకు చెంప ఆనిస్తే తగిలే చల్లదనం ఒక్కటే.

మిగిలినదంతా అమ్మ గుర్తు పెట్టుకుంది. మందుల పేర్లు ఆమెకు తెలియవు. ఒకటి పసుపు మందు, ఒకటి ఎర్ర మందు, ఒకటి నీళ్ళ మందు. ఎర్ర మందు ఎక్కించిన రోజు నా మూత్రం ఎర్రగా వచ్చిందట. రక్తమనుకుని అమ్మ వార్డు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మందు రంగేనని ఒక నర్సమ్మ అరవంలోనే చెప్పి, పక్కన కూర్చుని వీపు నిమిరిందట. నీళ్ళ మందు మొదలయ్యాక కాళ్ళు ఈడ్చి నడిచేదాన్ని, నాలుగు అడుగులకు ఒకసారి ముందుకు పడేదాన్ని. దాని పేరు విన్‌క్రిస్టిన్ అనీ, దాన్ని తీసేది బిళ్ళగన్నేరు నుంచి అనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1950లలో కెనడాలో కొందరు శాస్త్రవేత్తలు ఆ ఆకు చక్కెర జబ్బుకు పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే, చక్కెర సంగతి పక్కన పెట్టి తెల్లరక్త కణాలు తగ్గిపోవడం కనిపించిందట. అక్కడి నుంచి మొదలైన పరిశోధనే ఆ మొక్క నుంచి క్యాన్సర్ మందులు తెచ్చింది. మా ఇంటి వెనక పెంటదిబ్బ పక్కన ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా పూసే మొక్క అది. మేకలు కూడా ముట్టవు. ఇప్పటికీ దాన్ని చూస్తే ఒక్క క్షణం ఆగుతాను.

పదేళ్ళు వచ్చేదాకా ఏటా మద్రాసు తీసుకెళ్ళి చూపించారు. ఇక ఆ జబ్బు తిరిగి వచ్చే భయం లేదన్నారు. ఆ రోజుతో మా ఇంట్లో ఆ మాటకు తాళం పడింది. "కడుపులో గడ్డ తీశారు" అనేవారు తప్ప క్యాన్సర్ అన్న మాట అమ్మ నోటి నుంచి రాలేదు. నాకు కూడా చెప్పలేదు. 2009లో పెళ్ళివారికి "చిన్నప్పుడు ఆపరేషను అయింది" అని చెప్పి ఊరుకున్నారు. ఆడపిల్లకు ఆ జబ్బు వచ్చిందంటే సంబంధం కుదరదని, మా తమ్ముడికి కూడా పిల్లను ఇవ్వరని వాళ్ళ భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయినా, నా ఒంటికి జరిగింది నాకు చెప్పకపోవడం తప్పేనని ఈనాటికీ అంటాను.

పెళ్ళయి నెల్లూరు వచ్చాను. 2011లో ఆరో నెల గర్భం. రెండు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకోలేను. బీపీ పెరిగింది. మొదట అందరూ గర్భిణులకు మామూలే అన్నారు. కానీ ఆ డాక్టరమ్మ నా పొట్ట మీద అడ్డంగా ఉన్న పొడవాటి మచ్చ చూసి, ఇది ఏ ఆపరేషను అని అడిగారు. గడ్డ అన్నాను. ఏ గడ్డ? తెలియదు. మందులేమైనా ఎక్కించారా? తెలియదు. ఇరవై ఆరేళ్ళ మనిషిని, నా ఒంటి సంగతి అడిగితే తెలియదు, తెలియదు అని చెబుతూ కూర్చున్నాను. బయటికి వచ్చి నాన్నకు ఫోను చేశాను. అవతల చాలాసేపు మాట లేదు. "రేపు పొద్దున్నే వస్తానమ్మా" అన్నారు.

కందుకూరు మీదుగా మొదటి బస్సుకే వచ్చారు. చేతి సంచీలో ప్లాస్టిక్ కవరు, దానిలో నాలుగు మడతల కాగితం. ఇరవై ఏళ్ళకు పైగా ట్రంకు పెట్టెలో పొలం దస్తావేజుల కింద దాచిన డిశ్చార్జి కాగితం. మడతల దగ్గర చిరిగి, వెనకనుంచి సన్నటి గుడ్డ అంటించి ఉంది. టైపు చేసిన అక్షరాల్లో అన్నీ ఉన్నాయి: జబ్బు పేరు, మూడో దశ, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారు, ఒక్కో మందు మొత్తం మోతాదు. వెనక వైపు నాన్న పెన్సిలుతో రాసుకున్న ఖర్చులు. ఎద్దుల జత అమ్మగా వచ్చినది పైన, కింద రైలు, పాలు, బన్ను, ఒక చోట "బొమ్మ 4 రూ." నాకు ఏ బొమ్మా గుర్తు లేదు. తర్వాత అడిగితే, పక్క మంచం పాపకు ఇచ్చేశావని చెప్పి అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పాప సంగతి నేను మళ్ళీ అడగలేదు.

డాక్టరమ్మ వేలు ఒక వరుస దగ్గర ఆగింది. ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 300 మిల్లీగ్రాములు. 250కి చేరినా చాలు, జీవితాంతం గుండెను కనిపెట్టుకుని ఉండాలట. ఆ మందు క్యాన్సర్ కణాలతో పాటు గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో, ముఖ్యంగా గర్భం మోసేటప్పుడు బయటపడవచ్చు. అదే రోజు ఎకో, అంటే గుండె స్కానింగు, తీశారు. గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టేది 55 శాతానికి పైగా ఉండాలి. నాది 47. ఆ కాగితమే లేకపోతే నా ఆయాసాన్ని ఇంకో రెండు నెలలు గర్భం ఆయాసమనే అనుకునేవాళ్ళం.

మా వారు ఆ మాట మొదటిసారి విన్నది ఆస్పత్రి వరండాలోనే. నాన్న తల వంచుకుని నిలబడ్డారు. ఈయన కాగితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఇది ఇక నా దగ్గర ఉంటుంది మామయ్యా" అన్నారు. అంతే. దాని మీద మా ఇద్దరి మధ్య గొడవ జరగలేదు.

పాప ముప్ఫై అయిదో వారంలో, రెండు కిలోల నూరు గ్రాములతో పుట్టింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాకు నలభై. మాత్రలతో గుండె 53కు వచ్చింది. ఏటా ఎకో, బీపీ, మూత్రపిండం పనితీరు తెలిపే పరీక్షలు (రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్) చేయించుకుంటాను. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి మాత్ర వేసుకోను, ఉన్న ఒక్క మూత్రపిండానికి అవి మంచివి కావు. రేడియేషన్ పడిన ఎడమ నడుము సరిగా ఎదగలేదు, వెన్ను కాస్త ఒరిగింది. జాకెట్టు కుట్టే ఆమె ఎడమ పక్క కుట్టు అర అంగుళం లోపలికి వేస్తుంది, చెప్పనక్కరలేదు. కనిగిరి వెళ్ళినప్పుడు బోరు నీళ్ళు తాగను. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలే. నాన్న నా కోసం ముందు రోజే శుద్ధి చేసిన నీళ్ళ క్యాను తెచ్చి పెడతారు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తే ఈ క్యాను బాధ తప్పుతుందని ప్రతిసారీ అంటారు.

ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. మన దగ్గర కూడా నాలాగా బతికి పెద్దవాళ్ళయిన వాళ్ళున్నారు. వాళ్ళలో ఎందరి చేతిలో ఆ కాగితం ఉందన్నదే నా బెంగ. పిల్ల బతికింది చాలు అనుకుని ఆ కాగితాన్ని పారేసిన ఇళ్ళు, చదలకు వదిలేసిన ఇళ్ళు ఎన్నో. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే దయచేసి వెతకండి. లేకపోతే వైద్యం చేసిన ఆస్పత్రికి వెళ్ళి అడగండి. ఏ మందు, మొత్తం ఎంత, రేడియేషన్ ఎక్కడ. ఆ మూడూ రాయించుకుని, బిడ్డకు బుద్ధి తెలిసిన నాడు బిడ్డ చేతికే ఇవ్వండి. పెళ్ళిచూపుల నాడు అవతలివాళ్ళకు చూపించండి.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళాను. ఎదురింటి వాళ్ళ మనవడికి రెండేళ్ళు, పొట్ట ఉబ్బుగా ఉందని, పండగ అయ్యాక చూపిస్తామని వాళ్ళు అంటున్నారు. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "పండగ తర్వాత కాదు, రేపే ఒంగోలు తీసుకెళ్ళండి. పొట్ట నొక్కి చూడకండి. నా బిడ్డకు మూడేళ్ళప్పుడు క్యాన్సర్ వచ్చింది. ఇదుగో, ఇక్కడే ఉంది" అంది. నలుగురూ నా వైపు తిరిగారు. అమ్మ గొంతు వణికింది కానీ మాట ఆగలేదు.

మర్నాడే తీసుకెళ్ళారు. స్కానింగులో ఏమీ లేదు, మలబద్ధకమట. సాయంత్రం వాళ్ళు వచ్చి చెబితే అమ్మ ఆ పిల్లవాడిని ఒళ్ళోకి తీసుకుని, చొక్కా పైకెత్తి, పొట్ట మీద చెయ్యి వేయబోయి మళ్ళీ వెనక్కి తీసుకుంది.