కాలవలు కట్టేసిన నెలలో ఎర్త్ గుంటలు

మే నెల, మంగళవారం

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయాయి, కాలవలకి నీళ్లు కట్టేశారు. కోనసీమలో మొదలుకాబోతున్న మా క్యాంపస్ రేడియో స్టేషన్‌కి ఎర్త్ (పిడుగు కరెంటుని నేలలోకి దింపే ఏర్పాటు) కొలవాల్సింది ఈ రోజుల్లోనే. సార్వాలో (వానాకాలపు వరిలో) చేలనిండా నీళ్లున్నప్పుడు కొలిస్తే ఏ గుంటైనా మంచి అంకే చూపిస్తుంది. నల్లమట్టి ఎండి బీటలు వారి, కడ్డీకీ మట్టికీ మధ్య సందు పడే ఈ కాలంలో కూడా నిరోధం 5 ఓంలు దాటకపోతేనే ఆ ఎర్త్‌ని నమ్మొచ్చు.

పొద్దున్నే ఎండ ముదరకముందు టవర్ చుట్టూ ఉన్న మూడు గుంటల్నీ విడివిడిగా కొలిచాం. ఎర్త్ మెగ్గర్ (ఎర్త్ నిరోధం కొలిచే మీటర్) తీగ ఒకటి కడ్డీకి. కరెంటు పంపే మేకు 30 మీటర్ల దూరంలో. మధ్య మేకు ఆ దూరంలో 62 శాతం దగ్గర, అంటే 18.6 మీటర్ల దగ్గర. మధ్య మేకుని రెండు మీటర్లు అటూ ఇటూ జరిపి మళ్లీ చూడాలి. అంకె పెద్దగా కదలకపోతే కొలత సరైనట్టు. కదిలితే కరెంటు మేకుని ఇంకా దూరం తీసుకెళ్లాలి. కొలిచే గుంటని మిగతా రెండింటి నుంచీ విడదీయడం మర్చిపోకూడదు. కలిపే ఉంచితే బాగున్న రెండూ పాడైనదాన్ని కప్పేస్తాయి.

పడమటి గుంట 9 ఓంలు చూపించింది. తవ్వి చూస్తే కడ్డీకి ఏమీ కాలేదు, తేడా క్లాంపు దగ్గరుంది. రాగి తీగని జిఐ (జింకు పూత వేసిన ఇనుము) క్లాంపుతో బిగించారు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే ముందు జింకు పూత పోతుంది, తర్వాత ఇనుము తుప్పు పడుతుంది, బిగింపు వదులవుతుంది. ఇత్తడి క్లాంపు వేసి, తీగ కొసని గీకి, బిగించాక గ్రీజు పట్టించాం. అంకె 4 లోపుకి దిగింది.

గుంటలో బొగ్గూ ఉప్పూ పొయ్యాలని ఇక్కడా చాలామంది ఎలక్ట్రీషియన్లు పట్టుబడతారు. మెట్ట ప్రాంతంలో, రాతి నేలలో దానికి అర్థం ఉంది. డెల్టాలో తక్కువ లోతులోనే నీరు తగులుతుంది, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఆ నీరే ఉప్పన. మనం పోసే ఉప్పు కడ్డీని తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. 3 మీటర్ల రాగిపూత కడ్డీ దింపి, చుట్టూ బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) ముద్ద నింపితే చాలు. బెంటొనైట్ తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి వేసవిలో కడ్డీ చుట్టూ సందు పడదు.

ఎర్త్ మీద ఇంత పట్టుదల పిడుగుల వల్ల. రోహిణి కార్తెలో సాయంత్రం పూట ఈదురుగాలితో పాటు వచ్చే మబ్బు ఎంతసేపు ఉంటుందో చెప్పలేం గానీ, చుట్టూ కొబ్బరితోటల మీద 30 మీటర్ల ఇనుప టవర్ లేచి ఉంటే పిడుగు ముందు దాన్నే వెతుక్కుంటుంది. యాంటెనా కేబుల్ పైతొడుగుని మూడు చోట్ల ఎర్త్ చెయ్యాలి: యాంటెనా కింద, టవర్ మొదట్లో కేబుల్ గది వైపు తిరిగే ముందు, గది గోడ దగ్గర. గోడ దగ్గరే గ్యాస్ ట్యూబ్ అరెస్టర్, అంటే కేబుల్ వెంట వచ్చే పిడుగు వోల్టేజిని ఎర్త్‌కి మళ్లించే పరికరం. ఎర్త్ పట్టీని ఎక్కడా మూల తిరిగేలా వంచకూడదు. వంపు వ్యాసార్ధం కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి. పిడుగు కరెంటు పదునైన మలుపు దగ్గర దారి మార్చుకుని గోడలోకో మనిషిలోకో దూకుతుంది.

ట్రాన్స్‌మిటర్‌కి ‘ప్రత్యేకంగా’ ఒక ఎర్త్ వేస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. టవర్ ఎర్త్, భవనం కరెంటు ఎర్త్, స్టూడియో ఎర్త్ అన్నీ భూమిలో ఒకదానికొకటి కలిసి ఉండాలి. విడిగా ఉంటే పిడుగు పడిన క్షణంలో రెండింటి మధ్యా వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా సర్దుకోవడానికి దొరికే దారి ట్రాన్స్‌మిటర్ ఒక్కటే.

పది గంటలకి టవర్ ఎక్కే మనుషులు వచ్చారు. టవర్‌ని లాగి నిలబెట్టే స్టే వైర్లు మూడు మట్టాల్లో, 120 డిగ్రీల తేడాతో ఉన్నాయి. ప్రతి టర్న్‌బకుల్‌లోంచీ (స్టే వైరుని బిగించే మర) ఒక తీగ దూర్చి ముడి వేశారు. గాలికి టవర్ వణుకుతుంటే టర్న్‌బకుల్ తనంతట తానే తిరిగి వదులవుతుంది, ఈ తీగ దాన్ని ఆపుతుంది. మెత్తటి ఒండ్రులో స్టే దిమ్మలు వానాకాలంలో కొద్దికొద్దిగా కదులుతాయి కాబట్టి ప్రతి అక్టోబరులో బిగింపు చూడాలని రిజిస్టర్లో రాశాం. 1996 నవంబరు 6 తుపాను ఈ కొబ్బరితోటల్ని ఏం చేసిందో కోనసీమలో ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు.

యాంటెనా నిలువు డైపోల్‌లు (పై చెయ్యీ కింది చెయ్యీ ఉన్న కడ్డీ యాంటెనాలు) రెండు, ఒకదాని మీద ఒకటి. మాకు వచ్చిన ఫ్రీక్వెన్సీ 90.4 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం 3.32 మీటర్లు, సగం 1.66, దానిలో 95 శాతం 1.58. అంటే ఒక్కో చెయ్యి 79 సెంటీమీటర్లు. టవర్ ఇనుము నుంచి డైపోల్ కనీసం 80 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. దగ్గరగా ఉంటే దాని ట్యూనింగ్ మారిపోతుంది, టవర్ అవతలి ఊళ్లకి సిగ్నల్ తగ్గుతుంది. రెండు డైపోల్‌ల మధ్య ఎడం రెండున్నర మీటర్లు.

తప్పులు ఎక్కువ జరిగేది ఆ రెండింటినీ కలిపే హార్నెస్ దగ్గర. 75 ఓంల కేబుల్ ముక్కలు రెండు, ఒక్కోటి పావు తరంగం పొడవుండాలని పుస్తకం చెబుతుంది. పావు తరంగం 83 సెంటీమీటర్లు. కానీ కేబుల్ లోపల తరంగం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మామూలు పాలిథీన్ కేబుల్‌లో అది 0.66తో గుణించాక 55 సెంటీమీటర్లకి తగ్గుతుంది. అది మధ్య టీ కనెక్టర్‌కి అందదు. అందుకే ముప్పావు తరంగం, 1.64 మీటర్లు కొయ్యాలి. ఫోమ్ కేబుల్ అయితే అంకె వేరే, దాని మీద ముద్రించిన రకం చూసి లెక్క కట్టాలి. ఇంకొకటి: రెండు డైపోల్‌లలోనూ కేబుల్ మధ్య తీగ పై చేతికే వెళ్లాలి. ఒకదానిలో తలకిందులైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, నేరుగా ఊళ్ల వైపు వెళ్లాల్సిన సిగ్నల్ మాయమవుతుంది. ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె) మాత్రం బాగానే చూపిస్తుంది, మీటర్ చూసి ఈ తప్పు పట్టుకోలేం. అందుకే పైకి ఎక్కించకముందే కింద మల్టీమీటర్‌తో ఒక్కో చేతినీ చూసి, పై చేతులకి ఎర్ర పెయింటు చుక్క పెట్టాం.

కేబుల్ మీద డబ్బు మిగిల్చుకోవాలని ఎవరైనా అడిగితే ఈ లెక్క చూపిస్తాం. టవర్ పొడవూ గది దాకా దూరమూ కలిపి 45 మీటర్లు. సన్న ఆర్‌జి-213 కేబుల్ వేస్తే సుమారు 3 డెసిబెల్ నష్టం, అంటే 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి పైకి చేరేది 25 వాట్లు. అరంగుళం ఫోమ్ కేబుల్ వేస్తే నష్టం ఒక డెసిబెల్, చేరేది 40 వాట్లు. రెండు డైపోల్‌ల వల్ల అది రెట్టింపై 80 వాట్ల ఇఆర్‌పి (యాంటెనా బలం కలిపాక బయటికి వెళ్లే పవర్) అవుతుంది. కమ్యూనిటీ రేడియోకి మామూలుగా ఇచ్చే పరిమితి 100 వాట్లు. కేబుల్ దగ్గర పారేసిన పవర్‌ని ట్రాన్స్‌మిటర్ పెంచి తెచ్చుకోవడం రెండు విధాలా ఖర్చు.

కనెక్టర్ల మీద ముందు సాగే రబ్బరు టేపు, దాని మీద పీవీసీ టేపు. చివరి చుట్టు కింది నుంచి పైకి వెయ్యాలి, పెంకుటింటి కప్పులాగా పై వరస కింది వరస మీదకి వచ్చేట్టు. సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన లేని రకమే పుయ్యాలి; ఆ వాసన వచ్చేదానిలోని యాసిడ్ రాగిని తింటుంది. కేబుల్ గదిలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. ఎనలైజర్‌తో చూస్తే ఎస్‌డబ్ల్యుఆర్ 1.3. 1.5 దాకా భయం లేదు, వంద వాట్లలో నాలుగు వెనక్కి వస్తాయి. 2 అయితే పదకొండు. ఈ అంకె తేదీతో సహా గోడ మీద రాసిపెట్టాం. వానలు మొదలయ్యాక ఇది పెరిగితే ఎక్కడో నీరు దిగినట్టు.

మధ్యాహ్నం రికార్డింగుకి వచ్చిన డ్వాక్రా సంఘం పెద్దావిడ అడిగింది: “మా ఆయన చెరువు గట్టు మీద పెట్టుకుంటారండి రేడియో. పాతదండి, ఎఫ్‌ఎం లేదు. అందులో వస్తారాండి మీరు?”

అందులో మేము రాము. ఈ ప్రశ్నకి ఇంకా వివరంగా జవాబు చెప్పడం స్టేషన్ బాధ్యత. ఆ సెట్టులో పలికేది మీడియం వేవ్, ఏఎం. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ అందులోదే. మన దేశంలో కాలేజీలకీ సంఘాలకీ ఇచ్చే అనుమతి ఎఫ్‌ఎంకే. 2004లో చెన్నైలో మొదలైన అన్నా విశ్వవిద్యాలయం స్టేషన్ నుంచీ అదే దారి. ఏఎంలో క్యాంపస్ స్టేషన్ పెట్టడానికి మన నిబంధనల్లో చోటు లేదు.

ఒకవేళ చోటున్నా, ఈ టవర్ చాలదు. 837 కిలోహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 358 మీటర్లు, పావు వంతు టవర్ అంటే 90 మీటర్లు. దాని కింద భూమిలో చుట్టూ 120 రాగి తీగలు, ఒక్కోటి 90 మీటర్లు, మొత్తం దాదాపు 11 కిలోమీటర్ల తీగ. 30 మీటర్ల టవర్‌నే ఏఎంకి వాడితే దాని రేడియేషన్ నిరోధం (పవర్‌ని తరంగాలుగా పంపే భాగం) 3 ఓంల లోపు. భూమిలో నష్టం 10 ఓంలుంటే పవర్‌లో మూడొంతులకి పైగా మట్టిని వేడి చెయ్యడానికే పోతుంది. ఈ నష్టం పొద్దున మెగ్గర్ చూపించిన ఓంలతో కొలిచేది కాదు, అది తీగల అల్లికని బట్టి ఉంటుంది. అయినా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఏఎం తరంగం నేలని పట్టుకుని నడుస్తుంది, తడి ఒండ్రు దానికి మంచి దారి. రాతి నేలలో అదే పవర్ అంత దూరం పోదు. గోదావరి లంకల్లో చిన్న సెట్టులో కూడా విజయవాడ స్పష్టంగా పలికిన రోజుల వెనక ఈ నేల సాయం ఉంది. ఎఫ్‌ఎంకి నేలతో పని లేదు, ఎత్తుతోనే పని. 30 మీటర్ల మీది నుంచి చదునైన డెల్టాలో రేడియో దిగంతం లెక్కకి దాదాపు 23 కిలోమీటర్లు. 80 వాట్లతో, కొబ్బరాకుల అడ్డుతో, చేతి సెట్టుకి నమ్మకంగా అందేది పది లోపే.

గట్టు మీద ఏఎం వినడానికి ఇప్పుడు ఇంకో అడ్డంకి కూడా వచ్చింది. చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్ మోటార్ల స్టార్టర్లు, నాసి ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, అన్నీ మీడియం వేవ్‌లో గరగర పుట్టిస్తాయి. ఎఫ్‌ఎంకి ఆ బెడద తక్కువ. అందుకని ఆవిడకి చెప్పింది ఇది: ఎఫ్‌ఎం ఉన్న బటన్ ఫోను చాలు, ఇయర్‌ఫోన్ తీగే దానికి యాంటెనా, స్పీకర్‌లో విన్నా తీగ పీకకూడదు. రేడియో కొంటే యాంటెనా కడ్డీ నిలువుగా ఉంచాలి, మా డైపోల్‌లు నిలువు కాబట్టి. ప్రారంభానికి ముందు పది కిలోమీటర్లలోపు ఊళ్లలో ఏ ఇంట్లో ఏ సెట్టు ఉందో రాసుకు రావాలని విద్యార్థుల్ని పంపుతున్నాం. వినే సాధనం లేని చోట ఎంత మంచి కార్యక్రమం చేసినా చేరదు.

స్టూడియో సంగతి కొద్దిగా. గోడలకి గుడ్ల అట్టలు అతికించవద్దు, అవి మాట గంభీరాన్ని ఏమాత్రం పీల్చవు, బొద్దింకలు చేరతాయి. ఇక్కడ కొబ్బరిపీచు షీట్లు దొరుకుతాయి. రెండంగుళాల షీటుని గోడకి మరో రెండంగుళాలు ఎడంగా చెక్క చట్రం మీద బిగిస్తే కింది స్వరాల్ని కూడా పట్టుకుంటుంది, వెనక గాలి ఆడి బూజు పట్టదు. మైకుకీ నోటికీ మధ్య జానెడు దూరం. తెలుగులో స, ష, చ అక్షరాలు ట్రాన్స్‌మిటర్‌లో అంచు దాటేస్తాయి, ఎందుకంటే మన దేశంలో వాడే 50 మైక్రోసెకన్ల ప్రీఎంఫసిస్ (ప్రసారానికి ముందు పై స్వరాల్ని పెంచడం) 15 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్ పెంచుతుంది. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే పరికరం) ప్రీఎంఫసిస్ తర్వాత పనిచేసేట్టు చూసుకోవాలి. ముందు పెడితే మీటర్ ప్రశాంతంగా ఉన్నా విచలనం (మాటతో పాటు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే దూరం) హద్దైన 75 కిలోహెర్ట్జ్ దాటి, వినేవాళ్లకి ప్రతి ‘స’ చిరుగుతుంది.

యాస సరిదిద్దమని మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. “ఆయ్” అన్నచోట “ఆయ్” అనే పోవాలి. సగానికి తగ్గకుండా స్థానికంగా తయారైన కార్యక్రమాలు ఉండాలన్న నిబంధన ఉన్నదే ఇందుకు. వార్తలు సొంతంగా చదవకూడదు, ఆకాశవాణివి మార్చకుండా వెయ్యొచ్చు. ప్రసారమైన ప్రతి నిమిషం రికార్డు మూడు నెలలు దాచాలి.

సాయంత్రం ట్రాన్స్‌మిటర్‌ని డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టి పవర్‌ని వేడిగా మార్చే పరికరం) మీద నడిపాం. వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్స్ చేతికి రాలేదు కాబట్టి యాంటెనా కేబుల్ విప్పి, కొసకి మూత బిగించి, ఒక విద్యార్థిని దాని పక్కనే కూర్చోబెట్టాం. 50 ఓంలు, 100 వాట్లు తట్టుకునే లోడ్. 10 వాట్లతో పావుగంట, 25తో అరగంట, తర్వాత పూర్తి 50 వాట్లు. లోడ్ లేకుండా ఒక్క క్షణం ఆన్ చేసినా చివరి ట్రాన్సిస్టర్ పోవచ్చు. 180.8 మెగాహెర్ట్జ్ దగ్గర రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర పుట్టే అనవసరపు సిగ్నల్) స్పెక్ట్రమ్ మీద దాదాపు కనబడలేదు, ఫిల్టర్ బాగుంది. 108 పైన విమానాల బ్యాండు ఉంది, మధురపూడి విమానాశ్రయం ఎంతో దూరం కాదు కాబట్టి అక్కడ కూడా ఏ పిచ్చి ముల్లూ లేకుండా చూసుకున్నాం.

ఏడింటికి కరెంటు పోయింది. యూపీఎస్ మీద ఏసీ కాక మిగతా లోడు 400 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు సగం దాకా దిగితే నాలుగు గంటలకి కాస్త తక్కువ వస్తుంది. తుపాను రాత్రికి అది చాలదు, ఇంకో జత కావాలని రాశాం. రేపు ఉత్తరపు గుంటకి కూడా ఇత్తడి క్లాంపు మార్చాలి, యాంటెనా కేబుల్ గోడ దాటే రంధ్రానికి కాలరు బిగించాలి.