అడుగున చెక్కిన పేరు

హెల్సింకీలో నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది మా బృందంలో అందరికన్నా పెద్దావిడ పదవీ విరమణ చేస్తుంటే, పన్నెండు మందిమి తలా కొంత వేసుకుని ఆవిడకు ఏదైనా ఇవ్వాలనుకున్నాం. ఏమివ్వాలన్న చర్చ రెండు నిమిషాలు కూడా సాగలేదు. "ఆల్టో వాజు" అని ఒకరన్నారు, మిగతావాళ్లు తలలూపారు. వాజు అంటే పూలు పెట్టుకునే పాత్ర. ఆవిడ ఇంట్లో ఇప్పటికే ఏయే రంగులవి ఉన్నాయో కనుక్కునే పని ఒకరికి, వెళ్లి కొనుక్కొచ్చే పని నాకు అప్పగించారు. నూట యాభై యూరోల దాకా పలికే గాజు పాత్ర ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో ఒకటికి మించి ఉంటుందని వాళ్లు అంత సహజంగా అనుకోవడం నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ఎస్ప్లనాది వీధిలో, ఫిన్లాండ్ గాజు సామాను కంపెనీ ఈత్తల వాళ్ల దుకాణం ముందు నుంచి అప్పటికి కొన్ని వందల సార్లు నడిచి ఉంటాను. నవంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ ఊళ్లో, వీధంతా నల్లగా తడిసి ఉన్న వేళ, దీపాల వెలుగులో ఆ గాజు సామాను మెరుస్తుంటే ఒక్క క్షణం ఆగి చూసేదాన్నే తప్ప తలుపు తోసి లోపలికి వెళ్లలేదు. కొత్తగా వచ్చినవాళ్లందరిలాగే నేను కూడా ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చడానికి తొంభైతో హెచ్చవేసుకునేదాన్ని. అన్నం తినే పళ్లెం ఒక్కటి ఇరవై యూరోలకు పైన అంటే, ఆ డబ్బుతో మా తెనాలిలో ఒక కుటుంబానికి సరిపడా స్టీలు కంచాలు వస్తాయన్న లెక్క దగ్గర నా కాళ్లు ఆగిపోయేవి.

ఆ రోజు మాత్రం పని మీద వెళ్లాను కాబట్టి ధైర్యంగా వెళ్లాను. అరవైకి దగ్గరగా ఉన్న ఒక అమ్మకందారు నేను అడిగిన వాజును అరలోంచి తీసి, బల్ల మీద పెట్టకుండా నేరుగా నా రెండు చేతుల్లో పెట్టింది. పదహారు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఆ పాత్ర చూపుకు నీళ్లలా తేలిగ్గా ఉంది, చేతికి మాత్రం రాయిలా బరువుగా తగిలింది. దాని గోడ ఒకచోట లోపలికి వంగి, మరొకచోట బయటికి ఉబ్బి, ఒక చెరువు గట్టు వెంట నడిచినట్టు సాగింది. వేలితో తడిమితే పై అంచు కోసి నునుపు చేసినట్టు తెలుస్తోంది, పక్క గోడల్లో మాత్రం ఊదిన గాజుకే ఉండే చిన్న అల కనిపిస్తోంది. ఫిన్నిష్ భాషలో ఆల్టో అంటే అల అనే అర్థమని ఆవిడే చెప్పింది.

అల్వార్ ఆల్టో అనే ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఈ ఆకారాన్ని 1936లో ఒక గాజు కంపెనీ పెట్టిన పోటీ కోసం గీశారు. 1937లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని లోకం చూసింది. అదే ఏడాది ఎస్ప్లనాదిలోనే తెరిచిన సవోయ్ రెస్టారెంటులో ఈ వాజులు పెట్టడం వల్ల వాటికి సవోయ్ వాజు అనే పేరు కూడా వచ్చింది. ఇప్పటికీ వాటిని ఈత్తల అనే పల్లెలో, 1881లో మొదలైన కర్మాగారంలో, మనిషి నోటితోనే ఊదుతారు. మరుసటి వేసవిలో అక్కడికి వెళ్లి చూశాను. కొలిమిలోంచి గొట్టం చివర తీసిన ఎర్రటి ముద్దను అచ్చులోకి దించి ఒకతను బుగ్గలు నిండేలా ఊదుతుంటే, పక్కనే ఇంకొకరు అచ్చు మూతలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అచ్చు తెరిచిన తరువాత కూడా పైన మిగిలిన గాజును కోసి అంచు సానబట్టాలి. అంతమంది చేతులు పడతాయని చూశాక ధర గురించిన నా లెక్క కొంత మారింది, పూర్తిగా మారలేదు. ఖరీదైనది ఖరీదైనదే.

అయితే నన్ను ఆ దుకాణానికి మళ్లీ మళ్లీ రప్పించింది వాజు కాదు, పళ్లేలు. వాజును ప్యాక్ చేయించుకుంటుండగా పక్క అరలో ఏ పువ్వూ లేని, అంచుకు గీత కూడా లేని పళ్లేలు దొంతరగా కనిపించాయి. వాటి పేరు తేమ. ఫిన్నిష్‌లో ఆ మాటకు ఇతివృత్తం అని అర్థం, మన చెవికి మాత్రం తడి గుర్తుకొస్తుంది. వీటి మూలరూపాన్ని కాయ్ ఫ్రాంక్ అనే రూపకర్త 1953లో హెల్సింకీలోని అరబియా పింగాణీ కర్మాగారం కోసం చేశారు. అప్పుడు దాని పేరు కిల్తా. యుద్ధం ముగిసి, జనం చిన్న చిన్న ఇళ్లలోకి మారుతున్న కాలం అది. డజన్ల కొద్దీ పాత్రలున్న పెళ్లి సెట్టును అద్దాల బీరువాలో దాచుకునే చోటు ఆ ఇళ్లలో లేదు. అందుకని ఒకదానిలో ఒకటి ఇమిడేవి, విడివిడిగా కొనుక్కోగలిగేవి, ఏ రంగును ఏ రంగుతోనైనా కలుపుకోగలిగేవి కావాలని ఆయన అనుకున్నారు. 1981లో కొద్ది మార్పులతో అదే తేమగా తిరిగి వచ్చింది. ఒంటి గది ఇంట్లో రెండు అరల వంటగదితో నెట్టుకొస్తున్న నాలాంటి మనిషి కోసమే ఎవరో డెబ్బై ఏళ్ల కిందట ఆలోచించి పెట్టినట్టు నాకు అనిపించింది. అది నేను ఊహించుకున్న ఆడంబరపు దుకాణం కాదు.

ఒక్కటే కొన్నాను. చదునుగా ఉన్నది కొంటే పులుసు పోసుకున్నప్పుడు అంచు దాటి బల్ల మీదికి వస్తుందని ఆలోచించి, ఇరవై ఒక్క సెంటీమీటర్ల లోతు పళ్లెం తీసుకున్నాను. అన్నం, పప్పు, నెయ్యి వేసి చేత్తో కలుపుకుంటే మెతుకు బయట పడదు. వాళ్లు దాన్ని సూపు కోసం చేసి ఉంటారు, కానీ మన భోజనానికి దానికన్నా కుదిరిన పళ్లెం నాకు ఇక్కడ దొరకలేదు. ఆ తరువాత జీతం వచ్చిన నెలల్లో ఒక్కొక్కటిగా ఇంకో మూడు చేర్చాను. వాటిలో రెండు, ఆరో నంబరు ట్రాము ఎక్కి చివరిదాకా వెళ్తే వచ్చే అరబియా పేటలోని అవుట్‌లెట్లో, మెరుగులో చిన్న మచ్చ ఉందని రెండో రకం కింద తక్కువకు ఇచ్చినవి. ఆ పేటలోని కర్మాగారం 2016లోనే ఆగిపోయింది, తయారీ విదేశాలకు తరలిపోయింది. అక్కడ జీవితమంతా పనిచేసినవాళ్ల గురించి ఆ పాత ఇటుక గోడల పక్కన నడిచినప్పుడల్లా బాధ కలుగుతుంది.

నేను వేరే సంస్థకు మారేటప్పుడు ఆ బృందం నాకు కూడా ఒక ఆల్టో వాజు ఇచ్చింది. నన్ను తమలో ఒకదాన్నిగా లెక్కేశారని అప్పుడు తెలిసింది. ఆ జూన్‌లో అమ్మ వచ్చింది. వచ్చిన రెండో రోజు పొద్దున దాన్ని కడుగుతూ, కొత్త సామాను చేతికొస్తే ఎప్పుడూ చేసేలాగే తిరగేసి అడుగు చూసింది. అక్కడ సన్నగా చెక్కిన అక్షరాలు కూడబలుక్కుని చదివి, "అల్వార్ ఆల్టో ఎవరే? నీతో పనిచేసే అబ్బాయా?" అని అడిగింది.

అమ్మ ప్రశ్నలో తప్పేమీ లేదు. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఒక పేరు ఉంటుంది. స్టీలు సామాన్ల కొట్టులో తూకం వేయించి డబ్బు కట్టిన తరువాత, చేతిలో ఇమిడే చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా ఆ పేరు చెక్కిస్తారు. అది చేసినవాడి పేరు కాదు, పెట్టినవాళ్ల పేరు. ఫలానా గృహప్రవేశానికి పిన్ని పెట్టిన గిన్నె, పెళ్లికి మేనమామ పెట్టిన బిందె అని వాటి వల్లనే మా ఇంటి చరిత్ర మాకు తెలుసు. ఆ కంచం ఆకారాన్ని మొదట ఎవరు ఆలోచించారో మాత్రం ఎవరికీ తెలియదు. వాడకపు వస్తువు మీద రూపకర్త పేరు ఉండనక్కర్లేదని వాదించిన కాయ్ ఫ్రాంక్ మా వంటింటికి వచ్చి ఉంటే సంతోషించేవారని నాకు గట్టి నమ్మకం.

ఆల్టో ఎవరో అమ్మకు చెప్పాను. అంతా విని, "మరి నీకు పెట్టినవాళ్ల పేర్లేవీ?" అంది. వాళ్లు అభినందన కార్డులో రాశారని చెప్పాను. కార్డు పోతుంది కదా అంది. ఆ మధ్యాహ్నం కళ్లజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని, నేను ఒక్కో పేరూ నెమ్మదిగా పలుకుతుంటే, ఒత్తులూ దీర్ఘాలూ రెండేసి సార్లు అడిగి సరిచేసుకుంటూ, పదకొండు ఫిన్నిష్ పేర్లను తన గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒక కాగితం మీద రాసింది. కింద తారీఖు వేసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, వాజు వచ్చిన పెట్టె అడుగున అతికించింది.