పుదీనా జామ్ మూడోసారికి కుదిరింది

పుదీనా జామ్ అంటే పుదీనాతోనే అయిపోతుందనుకున్నాను. మొదటిసారి రెండు కట్టల ఆకు రుబ్బి, పంచదార పోసి పొయ్యి మీద పెట్టాను. తీగపాకం రాగానే దించేశాను. మర్నాడు చూస్తే సీసాలో నలుసులు తేలే పచ్చటి పాకం ఉంది. చెంచా వంచితే జారిపోతోంది.

తీగ సాగిందంటే పంచదార చిక్కబడిందని, అంతే. గడ్డకట్టించేది పెక్టిన్ అనే, పండ్లలో సహజంగా ఉండే జిగురులాంటి పదార్థం. దానికి తోడు పులుపు, తగినంత పంచదార ఉండాలి. ఆ పని చేసేంత పెక్టిన్ ఆకులో లేదు. పుల్లటి యాపిల్‌లో ఉంది, అందులోనూ తొక్కలో, గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలో ఎక్కువ. నిజానికి ఇది పుదీనా వాసన పట్టించిన యాపిల్ జెల్లీ. ఈ సంగతి ముందే తెలిస్తే రెండు కట్టల ఆకు దక్కేది.

రెండోసారి కిలో పచ్చి యాపిల్స్ తొక్కతో సహా ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్లు పోసి, గుప్పెడు పుదీనా కాడలతోనే వేసి మెత్తగా ఉడికించాను. గుడ్డలో మూటకట్టి వేలాడదీశాను. చుక్క చుక్కగా దిగుతుంటే ఓపిక పట్టలేక మూట పిండేశాను. రసం మడ్డిగా వచ్చింది. సరే, రుచికేం తక్కువ అనుకుని పంచదార కలిపాను. మొదటిసారి పలచనైందన్న భయం కదా, ఈసారి ఇంకో పది నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అంటూ మరిగిస్తూ పోయాను. చల్లారాక అది పళ్లకు అతుక్కునే జీళ్లపాకం. సీసాలోంచి తీయబోతే చెంచా వంగింది.

మూడోసారి మూట జోలికి పోలేదు, రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి 4 కప్పుల తేట రసం దిగింది. కప్పు రసానికి ముప్పావు కప్పు లెక్కన 3 కప్పుల పంచదార, రెండు నిమ్మకాయల రసం. పంచదార పూర్తిగా కరిగేదాకా సన్నటి సెగ, తర్వాత పెద్ద మంట. వెడల్పాటి గిన్నె పెట్టండి. నురగ ఎంత పైకి వస్తుందో చూస్తే తప్ప నమ్మరు.

థర్మామీటర్ ఉంటే 104 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూడాలి. ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఆ అంకె కూడా తగ్గుతుంది. నేను మాత్రం పళ్లేన్నే నమ్ముకున్నాను. ఫ్రీజర్‌లో పెట్టిన చిన్న పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టాలి. పైన ముడతలు పడితే అయినట్టే. పరీక్ష చేసేటప్పుడు స్టవ్ ఆపేయాలి. లేకపోతే ఆ నిమిషంలోనే ముదిరిపోతుంది. మొదటి చుక్క జారింది, రెండోది కాస్త ఆగింది, మూడోదానికి ముడత పడింది. పరీక్ష రిజల్ట్ చూసుకున్నంత టెన్షన్!

ముందు వేసిన పుదీనా వాసన మరుగులో చాలావరకు ఎగిరిపోతుంది. అందుకే దించాక సన్నగా తరిగిన తాజా ఆకు ఇంకో పిడికెడు కలిపాను. వెంటనే సీసాల్లో పోస్తే ఆకంతా పైకి తేలుతుంది. పది నిమిషాలు ఆగి, కాస్త చిక్కబడ్డాక కలియబెట్టి పోస్తే అంతటా సర్దుకుంటుంది. సీసాలు పది నిమిషాలు నీళ్లలో మరిగించి, వేడిగా ఉండగానే నింపాను. మూడు చిన్న సీసాలు నిండి నాలుగోది సగానికి వచ్చింది.

రంగు విషయంలో ఆశ పెట్టుకోకండి. వేడికి, పులుపుకు ఆకులోని పత్రహరితం మెగ్నీషియం పోగొట్టుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. నాది తేనెరంగులో, మధ్యలో ముదురు ఆకు తునకలతో వచ్చింది. పచ్చగా మెరవాలంటే రంగు కలపాల్సిందే. నేను కలపలేదు, నాకైతే తేనెరంగే నచ్చింది.

సీసాలన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టాను. సగం సీసా మూడు రోజులు కూడా ఆగలేదు, బ్రెడ్డుతో కొంత, ఉత్త చెంచాతో ఎక్కువ. ఇప్పుడు మూట మళ్లీ వేలాడుతోంది, ఈసారి రోజ్‌మేరీతో. అది మొండి ఆకు, మరుగుకు తట్టుకుంటుంది కాబట్టి కొమ్మలు ముందే వేసేశాను. గిన్నెలోకి చుక్కలు పడుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. పిండాలని చెయ్యి లాగుతూనే ఉంది.